కొండదారికి మూట కట్టుట



క్రిందటి సంచికలో, మేము హిమాలయములలో కాలినడకను కొన్ని దినములు గడపి వచ్చిన సంగతి ఒక్క వాక్యములో వ్రాసి విడిచితిని. ఆ వాక్యమునకు వచ్చినన్ని ఉత్తరములు, ఏడాదిపాటు ఊరగాయలగూర్చియు పిల్లల చదువులగూర్చియు నేను వ్రాసిన పుటలన్నిటికిని రాలేదు. “మగవారి తోడు లేక ఎట్లు పోయితిరి?” అని కొందఱు, “అక్కడ వంట ఎట్లు?” అని పలువురు, “మూటలో ఏమేమి పెట్టుకొంటిరో పట్టిక వ్రాయుడు” అని దాదాపు అందఱును అడిగిరి. పట్టిక ఇచ్చెదను. కాని మూటలోనికి మొట్టమొదట పోవలసిన వస్తువు తూకమున కెక్కునది కాదు. దానిని ఇంటివద్ద మఱచి ఒకసారి కొండకు పోయి మేము పడిన అగచాట్లు ముందు చెప్పి, తరువాత పట్టికకు వచ్చెదను.

2023వ సంవత్సరము జూను నెలలో మేము నలుగురము హేమకుండమునకు పోయితిమి. నలుగురమనగా నేను, మా పెద్ద తోటికోడలు, ఆమె కుమార్తె, మా ఆడపడుచు. ఉత్తరాఖండములోని చమోలీ జిల్లాలో, 4,000 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న సరస్సు అది. దాని యొడ్డున సిక్కుల గురుద్వారమును, లక్ష్మణుని ఆలయమును ఉన్నవి. యాత్రికులు రాత్రి అక్కడ నిలువరాదు. క్రింద ఘాంఘరియా అను చోట పండుకొని, తెల్లవారుజామున బయలుదేరి, ఆఱు కిలోమీటర్ల దారిలో వేయి మీటర్లకు మించి ఎక్కి, ఆనాడే దిగిరావలెను.

సగము దారిలోనే అక్కయ్యకు (తోటికోడలిని నేనట్లే పిలుతును) తల పగులునట్లు నొప్పి పట్టెను. ఆమె చెప్పలేదు. వాంతి వచ్చెను, బండచాటునకు పోయి, నోరు కడుగుకొని, నవ్వుమొగముతో తిరిగివచ్చెను. కాళ్లు తడబడుచుండగా “రాళ్లు జారుచున్నవి” అని తప్పించుకొనెను. మేము ముగ్గురము నమ్మితిమి. ఇంక కొంచెము దూరమే యున్నదనగా, ఎదురుగా దిగివచ్చుచున్న గుఱ్ఱములవాడొకడు ఆమె నడక చూచి నిలిచిపోయెను. “ఈ తల్లిని ఇప్పుడే దింపుడు. ఇంకొక అడుగు పైకి వద్దు” అని, తన గుఱ్ఱముపై కూర్చుండబెట్టుకొని తానే దింపెను. దిగినకొలది ఆమె మొగము తేటపడెను. సాయంకాలమునకు లేచి కూర్చుండి చారన్నము రెండు ముద్దలు తినెను.

ఆ రాత్రి నేను, “అక్కయ్యా, పొద్దుననే ఎందుకు చెప్పలేదు?” అని అడిగితిని.

“ఇంతదూరము వచ్చి, ఇంత డబ్బు పెట్టి, నా ఒక్కదానివలన మీ అందఱి దర్శనము చెడవలెనా?” అని ఆమె అనెను.

ఈ మాట అనని ఇల్లాలు మనలో ఎవరు? జ్వరము నూటరెండు డిగ్రీలుండగా పొయ్యివద్ద నిలువబడి “ఏమియు లేదు, కొంచెము నీరసము” అనుట మనకు చిన్ననాటినుండి అబ్బిన విద్య. ఇంటిలో దానిని ఓర్పు అని మెచ్చుకొందురు. ఎత్తైన కొండమీద అదే ప్రాణము తీయును.

ఏల యనగా, పైకి పోయినకొలది గాలి పలుచనగును. 3,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఊపిరికి అందు ప్రాణవాయువు ఆ మేరకు తగ్గును. శరీరము దానికి అలవాటుపడుటకు దినములు పట్టును. ఆ గడువియ్యక పరుగున ఎక్కినవారికి 2,500 మీటర్లు దాటినప్పటినుండి తలనొప్పి, వికారము, నిస్సత్తువ, తలతిరుగుట కనిపింపవచ్చును. అక్కడ ఆగిన, చాలమందికి ఒకటి రెండు దినములలో సర్దుకొనును. దాచి ఇంకను ఎక్కిన, మెదడు ఉబ్బి నడక తూలి తెలివి తప్పవచ్చును. లేదా ఊపిరితిత్తులలో నీరు చేరి కూర్చున్నచోటనే ఆయాసము రావచ్చును. ఈ రెండును మరణకారణములు. వయసులో నున్నవారికి రాదనియు, బలము గలవారిని అంటదనియు నమ్మరాదు. వీనికి ముఖ్యమైన చికిత్స వెంటనే క్రిందికి దిగుట. ఆ గుఱ్ఱములవాడు వైద్యశాస్త్రము చదివినవాడు కాడు. కాని చేయవలసిన చికిత్సయే చేసెను.

కావున మఱుసటి ప్రయాణము తలపెట్టినపుడు, ఏ సామాను కొనవలెనను ప్రశ్నకు ముందు మఱొక ప్రశ్న వేసికొంటిమి: “మాలో ఒకరు ‘నాచేత కాదు’ అన్ననాడు ఏమి చేయుదుము?” దానికి జవాబు దొరకిన తరువాతనే తక్కినవి.

చోటును, కాలమును

హర్ కీ దూన్ అను లోయను ఎన్నుకొంటిమి. అది ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద వన్యమృగ సంరక్షణారణ్యములో, సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. లోయ చివర 6,252 మీటర్ల స్వర్గారోహిణీ శిఖరము నిలిచియుండును. పాండవులు మహాప్రస్థానమున ఆ దారినే స్వర్గమునకు పోయిరని అచ్చటివారి నమ్మకము. అయినను మేము దానిని ఎన్నుకొన్నది పురాణమునుబట్టి కాదు, దారినిబట్టి. అది సుపిన్ నది వెంట మెల్లమెల్లగా ఎక్కును. ఒక్కదినమున వేయి మీటర్లు ఎక్కవలసిన పని లేదు. నడుమ ఊళ్లున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ చోటనుండి యైనను పోయిన దారినే వెనుకకు దిగవచ్చును. ఎత్తైన కనుమ దాటి ఆవలివైపున దిగవలసిన దారులలో ఈ సౌకర్యముండదు. మొదటిసారి పోవువారు కనుమలజోలికి పోకుండుట మేలు.

జులై, ఆగస్టు నెలలలో అక్కడ వానలు, కొండచరియలు విఱిగిపడుట, చలికాలమున మంచు. వేసవి మొదలును, వానలు వెనుకబడిన తరువాతి శరత్తును అనుకూలములు. మేము 2024 అక్టోబరున, దసరా సెలవులు కలిసివచ్చునట్లు పోయితిమి. ఉపాధ్యాయుని యింట సెలవులలో పిల్లలను చూచుకొనుటకు తండ్రి ఉండును గదా!

దినములు లెక్కింతము. రైలులో ఢిల్లీ, అక్కడినుండి డెహ్రాడూను చేరుటకు రెండు దినములు. డెహ్రాడూనునుండి సాంక్రీ అను గ్రామము సుమారు 200 కిలోమీటర్లు; కొండదారి కనుక ఒక పగలంతయు పట్టును. సాంక్రీ 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తున నున్నది. అక్కడ ఒక దినము ఊరక ఉండవలెను. తరువాత తాలూకా అను ఊరినుండి నడక (అది మన తాలూకా కాదు, ఆ ఊరి పేరే అది). మొదటిరాత్రి ఓస్లా గ్రామమునకెదుట సీమా అను చోట, రెండవరాత్రి 3,000 మీటర్ల ప్రాంతమున కల్కతియాధార్ అను పచ్చికబయలులో, మూడవరాత్రి లోయలో. తాలూకానుండి లోయవఱకు సుమారు 25 కిలోమీటర్లు. బలముగలవారు రెండు దినములలో పోవుదురు. మేము మూడు పెట్టుకొంటిమి. 3,000 మీటర్లు దాటిన తరువాత, ఒక రాత్రి పండుకొన్న చోటికంటె మఱుసటిరాత్రి పండుకొను చోటు 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదనుట వైద్యులు చెప్పు సూత్రము. పగలు ఎంత ఎక్కినను, పడక ఎక్కడ అనునదే లెక్క.

దిగుటకు రెండు దినములు. వీనికితోడు, ఏ పనికిని కేటాయింపని దినము ఒకటి. ఆ ఖాళీదినమును చూచి మా ఆడపడుచు “ఇది దండుగ గదా వదినా” అనెను. అది దండుగ కాదు. ఒకరికి నలతగా నున్ననాడు “ఆగుదము” అని ధైర్యముగా చెప్పుటకు పెట్టిన పెట్టుబడి. రైలు టిక్కెట్టు తేదీ తఱుముచుండగా ఎవరును తలనొప్పి ఒప్పుకొనరు.

తిరుగుదారి

మనుచరిత్రములోని ప్రవరుని కథ మీకు తెలిసినదే. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసికొని క్షణములో హిమాలయము చేరెను. పసరు మంచులో కరగిపోయెను. ఇల్లు చేరు ఉపాయము లేదు. వరూధిని సంగతి అటుంచి, గృహిణికన్నులతో చూచిన ఆ బ్రాహ్మణుని తప్పు ఒక్కటే: పోవుటకు ఏర్పాటు చేసికొనెను గాని వచ్చుటకు చేసికొనలేదు. ఎక్కడికి పోవుచున్నది ఇంటిలో చెప్పనైన చెప్పలేదు. ఆయనను అగ్నిదేవుడు ఇంటికి చేర్చెను. మనకు రాడు.

కావున బయలుదేరుటకు ముందు ఒక కాగితము వ్రాసి మావారిచేతికిచ్చితిమి. ఏ రాత్రి ఎక్కడ నుందుము, దారిచూపువాని పేరు, ఫోను సంఖ్య, అటవీశాఖ అనుమతిపత్రపు నకలు, మా నలుగురి రక్తవర్గములు, మందులు అందులో నున్నవి. కడపట ఎఱ్ఱసిరాతో: “ఫలానా తేదీ సాయంకాలమునకు మానుండి కబురు రానిచో వీరికి తెలుపుడు.” సాంక్రీ దాటిన తరువాత ఫోను పలుకునని నమ్మరాదు. ఎప్పుడు కంగారుపడవలెనో ముందే చెప్పిపోయిన, ఇంటివారు తక్కినదినములు కంగారుపడకుందురు.

శరీరము

ప్రయాణమునకు మూడు నెలలముందు నలుగురము రక్తపరీక్ష చేయించుకొంటిమి. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. ప్రాణవాయువును మోయునది రక్తములోని హెమోగ్లోబిన్. గాలియే పలుచనైన చోటికి, రక్తము కూడ పలుచనై పోవుట రెండింతల కష్టము. గర్భవతులు కాని స్త్రీలకది 12 గ్రాములకు తగ్గరాదు. మాలో అందఱికంటె చిన్నది, కాలేజీలో చదువుచున్న మా అక్కయ్య కూతురు, గుఱ్ఱమువలె పరుగెత్తునది. ఆమెకు 9.8 వచ్చెను! వైద్యురాలి సలహాపై మూడు నెలలు ఇనుపమాత్రలు మ్రింగి 12 దాటిన తరువాతనే టిక్కెట్లు కొంటిమి. రక్తపుపోటు, ఉబ్బసము, గుండెజబ్బు గలవారును, గర్భవతులును వైద్యుల ననుమతి అడుగక పోరాదు. ఎత్తునకు అలవాటుపడుటకు అసిటజోలమైడ్ అను మందున్నది. అదియు వైద్యుని అడిగియే వాడవలెను; పొరుగువారు వాడిరని వాడరాదు.

ఎనిమిది వారములు నడక సాధన చేసితిమి. మొదట ఉదయమున మూడు కిలోమీటర్లు, క్రమముగా ఎనిమిది. ఆదివారములు మా ఊరి కొండమీది దేవాలయపు మెట్లు, వీపుసంచిలో బియ్యపు పొట్లములు పెట్టుకొని: మొదట మూడు కిలోలు, తరువాత అయిదు, తరువాత ఎనిమిది. బియ్యము మోసికొని ఎక్కి మరల మోసికొని దిగుచున్న మమ్ము చూచి ఇది ఏ దేవునికి మ్రొక్కు అని అడిగినవారున్నారు. బూట్లు కూడ ఈ ఎనిమిది వారములు తొడిగి నలుగగొట్టితిమి. క్రొత్తబూటు కొండమీద తొడిగినవారి మడమలు మొదటిదినమే బొబ్బలెక్కును.

మూట

మనిషి బరువులో అయిదవవంతునకు మించి వీపున మోయరాదు. నా బరువు 55 కిలోలు. కావున 11 కిలోలు హద్దు. మొదటిసారి తూచినపుడు నా మూట 16 కిలోలున్నది! విప్పి చూడగా అందులో గాజుసీసాతో ఆవకాయ, రెండు చీరలు, స్టీలు క్యారియరు, అందఱికిని సరిపడు జంతికలు, పోతన భాగవతములో ఒక సంపుటము కనబడెను. తక్కినవారి మూటలును ఇట్లే. నలుగురము నలుగురికొఱకును కట్టుకొంటిమి. నాలుగు అమృతాంజనము సీసాలు, నాలుగు సూదిదారముల డబ్బాలు. అందఱికొఱకు మోయుట మన అలవాటు. కొండకు పోవుటకు ముందు ఆ అలవాటును విప్పి పెట్టవలెను. చీరలు తీయుట సులువే. భాగవతము తీయునపుడు చేయి వెనుకాడినది.

మిగిలిన మూట ఇది: వెచ్చని స్లీపింగు బ్యాగు, క్రింద పఱచు చాప, ఒంటికి అంటుకొను పలుచని ఉన్నిబట్ట, దానిపై ఉన్నిచొక్కా, దానిపై దూదికోటు, అన్నిటిపై వానకోటు, రెండు జతల షరాయిలు, మూడు జతల ఉన్ని మేజోళ్లు, టోపీ, చేతితొడుగులు, నుదుట కట్టుకొను టార్చిలైటు, రెండు లీటర్ల నీళ్లసీసాలు, మందులు. నూలుబట్ట తడిసిన ఆరదు, ఒంటి వేడిని లాగివేయును. కనుక చలికొండపై నూలు తగదు. పొడిబట్ట ఒక జత ప్లాస్టిక్ సంచిలో కట్టి, రాత్రి నిద్రకు తప్ప తాకరాదు.

నెలసరి సంగతి అడుగ సంకోచించి కొందఱు చాటుగా వ్రాసిరి. ఎత్తున అది తేదీ తప్పి రావచ్చును. కావున సమయము కాదని గుడ్డలు, ప్యాడ్లు మానరాదు. వాడినవానిని పాఱవేయక, పూడ్చక, రెండు పొరల సంచిలో కట్టి వెనుకకు తేవలెను. మలవిసర్జనకు నీటికి అరువది మీటర్ల దూరమున జానెడు లోతు గొయ్యి త్రవ్వి కప్పవలెను. ఆ నీరే క్రింది ఊరి స్త్రీలు బిందెలతో ముంచుకొందురు.

వంట

ఎత్తున నీరు త్వరగా మరగును గాని చాలినంత కాగదు. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరగుమట్టము తగ్గును. 3,000 మీటర్లవద్ద 90 డిగ్రీలకే నీరు తెర్లును. కందిపప్పు ఎంతసేపు ఉడికినను పలుకుగనే యుండును. గ్యాసు మాత్రము అయిపోవును. కాబట్టి మూట కట్టునపుడు “ఏది రుచి?” అని గాక “ఏది వేడినీటితో లొంగును?” అని చూచితిమి. అటుకులు, వేయించిన ఉప్మారవ్వ, పేలపిండి, వేయించి విసరిన పెసరపిండి, సేమియా. వానికి తోడు కందిపొడి, చింతపండు ఉప్పుతో దంచిన ఉండలు, ఎండుకొబ్బరి. నడకలో నమలుటకు వేరుసెనగపప్పుండలు, సున్నుండలు, ఖర్జూరము. మనిషికి దినమునకు 550 గ్రాముల పొడిసరకు పెట్టితిమి. దారిచూపువాడు, కంచరగాడిదవాడు కలిసి ఆఱుగురము, ఏడు దినములు, సుమారు 23 కిలోలు. అదియు గుడారములును కంచరగాడిద మోసెను.

గ్యాసుడబ్బాలు రైలులో తీసికొనిపోరాదు, డెహ్రాడూనులోనే కొనవలెను. త్రాగునీరు మూడు నిమిషములు తెర్లనిచ్చి త్రాగవలెను. చలికి భయపడి మూసిన గుడారములో పొయ్యి గాని బొగ్గులకుంపటి గాని పెట్టరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము పోవును.

ఒక ముఖ్యమైన ఏర్పాటు. నలుగురమును రెండు జతలుగా విడిపోయి, గుడారము, పొయ్యి, గిన్నె, సరకు, ఉప్పు, అగ్గిపెట్టెతో సహా ఏ జతది ఆ జతకు వేఱుగా కట్టితిమి. అందువలన బరువు కొంచెము పెరిగినది. అయినను, ఒక జత ఆగిపోవలసి వచ్చిన రెండవజత ఇబ్బందిపడదు. “నావలన అందఱును ఆగిపోవుదురు” అను భయము ఎవరికిని ఉండదు.

నాలుగు ప్రశ్నలు

ఇదియే తూకమున కెక్కని వస్తువు. ప్రతిసాయంకాలము భోజనమునకు ముందు జతలోని ఒకరు మఱొకరిని నాలుగు ప్రశ్నలు అడుగవలెను. తలనొప్పి ఉన్నదా? వికారమా, అన్నము సయించుచున్నదా? కూర్చున్నపుడు ఆయాసమో, తలతిరుగుటయో ఉన్నదా? ఒక పాదపు మడమకు రెండవ పాదపు వ్రేళ్లు తాకించుచు తిన్నగా పది అడుగులు నడువగలవా?

తలనొప్పితోపాటు మఱి ఏ ఒక్కటి ఉన్నను మఱునాడు పైకి పోరాదు. తగ్గనిచో దిగవలెను. కూర్చున్నను ఆయాసమైనా, నడక తూలినా, అర్ధరాత్రియైనను తోడుతో వెంటనే దిగవలెను. నొప్పిమాత్ర వేసికొని నొప్పి తగ్గినదని ఎక్కరాదు. ఎవరికి నలత చేసినను వారి జత వారితోనే ఉండవలెను. దానికి ఓటు లేదు, బ్రతిమాలుట లేదు, క్షమాపణ లేదు. ఇవి నేనే నా చేతితో వ్రాయగా, నలుగురము సంతకములు చేసి మూటలో పెట్టుకొంటిమి. నాకు జత అక్కయ్య.

జరిగినది

సీమావద్ద అందఱము బాగుంటిమి. ఓస్లా పొలములలో ఎఱ్ఱని కంకులు చూచి నేను ఆగిపోయితిని: అది మన తోటకూరజాతియే, అక్కడ గింజలకొఱకు పండింతురు. మఱునాటి సాయంకాలము కల్కతియాధార్ చేరితిమి. నా కణతలు అదరుచున్నవి. పిల్ల ఉప్మా కలుపుచుండగా ఆ వాసనకు కడుపులో త్రిప్పెను. ఎండ తగిలినదనుకొంటిని. నిద్ర చాలలేదనుకొంటిని. ఇంక ఒక్కదినమే గదా అనుకొంటిని.

అక్కయ్య కాగితము తీసి దీపముముందు కూర్చుండెను. “తలనొప్పి ఉన్నదా?”

“లేదు” అను మాట నాలుకమీదికి వచ్చెను. నియమములు వ్రాసినదానను నేను. హేమకుండమున ఆమెను మందలించినదానను నేను. ఆ ఒక్కమాట ఎంత సులువుగా వచ్చునో నాకప్పుడు తెలిసినది. అక్కయ్య కాగితము క్రింద పెట్టి, “చెల్లీ, నేను చెప్పిన అబద్ధము నీవు చెప్పకుము” అనెను.

చెప్పితిని. మఱునాడు ఉదయమునకు కూడ నొప్పి పోలేదు, కాఫీ సయింపలేదు. ఎవరును చర్చింపలేదు. దారిచూపువానితో పిల్లయు ఆడపడుచును తమ గుడారము, తమ సరకు తీసికొని పైకి పోయిరి. నేనును అక్కయ్యయు కంచరగాడిదవానితో సీమాకు దిగితిమి. మధ్యాహ్నమునకు తల తేలికపడెను. అన్నము అడిగి తింటిని.

నాకు బాధ లేదని వ్రాసిన అది మఱొక అబద్ధమగును. మూడు నెలలు సిద్ధపడి, ఆ శిఖరమును దగ్గఱగా చూడలేదు. దానికంటె ఎక్కువగా, నా మూలమున అక్కయ్య రెండవసారియు గమ్యము చేరక తిరిగినది. ఆ మాట అనబోగా ఆమె “క్షమాపణ లేదని నీవే గదా వ్రాసితివి” అని వేడినీళ్ల చెంబు చేతికిచ్చెను.

మహాప్రస్థానమున మొదట పడినది ద్రౌపది. భీముడు కారణమడిగెను, ధర్మరాజు కారణము చెప్పి, వెనుదిరిగి చూడక నడచిపోయెను. ఆయన పోవుచున్నది స్వర్గమునకు. అక్కడి ధర్మము వేఱు కావచ్చును. ఇంటికి తిరిగి రావలసినవారికి మాత్రము, పడినవారివద్ద ఒకరు ఆగుటయే ధర్మము. అక్కయ్య ఆగినది.

మఱునాటి సాయంకాలము పిల్లలిద్దఱును దిగివచ్చిరి. ఇద్దఱికిని తలనొప్పి లేదు. పిల్ల తన ఫోనులో, ప్రొద్దుటియెండలో నున్న స్వర్గారోహిణిని చూపెను. “మీరిద్దఱును లేరు గనుక అక్కడ పొట్లము విప్పబుద్ధి పుట్టలేదు పిన్నీ” అని సున్నుండలు మరల తెచ్చెను. నలుగురము పంచుకొని తింటిమి.

పట్టిక కావలెనన్న పైని వ్రాసినది కత్తిరించి దాచుకొనుడు. కాని మూట కట్టుటకు ముందు మీ జత ఎవరో నిర్ణయించుకొని, ఆమె అడిగిననాడు నిజము చెప్పెదనని మాట యిండు. ఈ మాట సాధన చేయుటకు కొండదాక పోనక్కఱలేదు, ఈ సాయంకాలము పొయ్యివద్ద మీ ఇంటివారెవరైన “ఒంట్లో ఎట్లున్నది?” అని అడిగినపుడు మొదలుపెట్టవచ్చును.

అటుకులు, పెసరపిండి, చింతపండు ఉండల కొలతలు పలువురు అడిగిరి. అవి వచ్చే సంచికలో.